కాంట్రాక్టరు మనిషి

1977 మే 31న నేటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులు ఒక ఒప్పందం సాధించుకున్నారు. వానలు పడేలోగా గుడిసె బాగుచేసుకోవడానికి మనిషికి వంద రూపాయలు ఇవ్వాలి. పని చూపించలేని రోజులకు కూడా కొంత కూలి కట్టివ్వాలి. కార్మిక శాఖ అధికారుల సమక్షంలో భిలాయ్ ఉక్కు కర్మాగారం యాజమాన్యమూ ఠేకేదార్లూ (కాంట్రాక్టర్లు) కూర్చుని ఒప్పుకున్న మాటలవి. మర్నాడు గుడిసె డబ్బు కోసం వెళ్లినవాళ్లకు ఠేకేదార్లు మొండిచెయ్యి చూపించారు.

గని కర్మాగారానిది. అందులోంచి వచ్చే రాయి కర్మాగారం కొలిమిలోకే పోతుంది. ఆ రాయిని గునపంతో తవ్వి, సుత్తితో పగలగొట్టి, తట్టతో లారీకెత్తే మనిషి మాత్రం కర్మాగారం మనిషి కాడు, ఠేకేదారు మనిషి. మాట తప్పింది ఎవరని ఆ మనిషి ఎవరిని నిలదీయాలి? కార్మికులు పని ఆపేశారు. జూన్ 2 రాత్రి పోలీసులు జీపుల్లో వచ్చి వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగిని పట్టుకుపోయారు. వెనకబడ్డ పోలీసులను కార్మికులు చుట్టుముట్టారు. ఆ రాత్రీ, మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్లలో అనసూయాబాయి అనే మహిళ ఉంది, సుదామా అనే పిల్లవాడు ఉన్నాడు.

వంద రూపాయల మాట ఇంతమంది ప్రాణాల దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే యజమానికీ పనివాడికీ మధ్య ఆ మూడో మనిషిని ఎప్పుడు, ఎందుకు నిలబెట్టారో చూడాలి. తప్పు జరిగాక ‘నాకు తెలియదు’ అని బొంకడం ఎవరైనా చేయగలరు. తెలియకుండా ఉండే ఏర్పాటును ముందే కట్టుకోవడం వేరు. దానికి కాగితం కావాలి, చట్టం కావాలి, ఓపిక కావాలి. మన దేశంలో ఆ కట్టడం లేవడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

మొదట్లో ఆ మూడో మనిషి అవసరంగానే వచ్చాడు. తోటల యజమానికి, మిల్లు దొరకు, గని కంపెనీకి ఊళ్లు తెలియవు, భాష రాదు. ఊళ్లోంచి కూలీలను పోగుచేసి తేవడానికి ఒకడు కావాలి. తమిళ తోటల్లో కంగాణీ, బొంబాయి మిల్లుల్లో జాబర్, బెంగాల్ జనపనార మిల్లుల్లో సర్దార్ అలా వచ్చినవాళ్లే. ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన మనవాళ్ల మీద మేస్త్రీ ఉండేవాడు. దారిఖర్చు అతనే అప్పుగా ఇచ్చేవాడు, పని అతనే ఇప్పించేవాడు, కూలీ కూడా అతని చేతిమీదుగానే అందేది. కొంతకాలానికి యజమానులు గ్రహించిన అసలు లాభం ఏమిటంటే, మేస్త్రీ మనుషులను తేవడమే కాదు, వాళ్ల గోడు యజమాని దాకా రాకుండా ఆపుతున్నాడు కూడా. ఎంతమంది పనిచేస్తున్నారో, ఎవరికెంత ముడుతోందో, ఎవరు జబ్బుపడ్డారో యజమాని పుస్తకాల్లో ఉండదు. పుస్తకంలో లేనిదానికి బాధ్యతా ఉండదు.

ఇది గమనించినవాళ్లు ఆనాడే లేకపోలేదు. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ 1931 నాటి నివేదికలో మధ్యవర్తుల పెత్తనం తగ్గించి, కార్మికుల బాధ్యతను యాజమాన్యాలే నేరుగా చేపట్టాలని కోరింది. 1938లో బీహార్ కాంగ్రెస్ ప్రభుత్వం కార్మిక విచారణ కమిటీ వేసింది. కూలీల పట్ల యజమానికి ఉండాల్సిన నైతిక బాధ్యత కాంట్రాక్టరుకు మామూలుగా ఉండదనీ, అందుకే దిక్కులేనివాళ్లను దోచుకోవడానికి అతను వెనకాడడనీ ఆ కమిటీ రాసింది. దానికి అధ్యక్షుడు బాబూ రాజేంద్రప్రసాద్.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, దుర్గ్ పక్కన పల్లెపొలాల్లో భిలాయ్ కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది రాష్ట్రపతి హోదాలో ఆ రాజేంద్రప్రసాదే. సెక్టార్లు, బడులు, ఆసుపత్రి, చెట్ల నీడన క్వార్టర్లు, దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వాళ్లలో ఎన్నో ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ ఆదర్శ యజమానిగా ఉండాలన్న నాటి నమ్మకానికి భిలాయ్ ఒక రుజువు. పర్మనెంట్ ఉద్యోగి విషయంలో అది నిజంగా ఆదర్శ యజమానే. ఆ మాటను తీసిపారేయడం తప్పు. దుర్గ్ నుంచి దక్షిణంగా అప్పటి రైలుమార్గం చివరన ఉన్న దల్లీ రాజహరాలో మాత్రం యంత్రాల గనుల పక్కనే చేతిపని గనులు నడిచాయి. వాటిని ఠేకేదార్లకు అప్పగించారు. కమిటీ నివేదికలో రాజేంద్రప్రసాద్ తప్పుపట్టిన పద్ధతి, ఆయన ప్రారంభించిన కొలిమికే రాయి అందించింది.

ఇదే కాలంలో మరోచోట, తెలియకుండా ఉండే ఈ ఏర్పాటును రాజ్యనీతిగానే రాసిపెట్టారు. 1948 జూన్ 18న అమెరికా జాతీయ భద్రతా మండలి ఒక రహస్య ఆదేశం జారీ చేసింది. పరాయి దేశాల్లో చేసే రహస్య చర్యలను, బయటపడితే తమ ప్రభుత్వానికి సంబంధం లేదని నమ్మదగినట్లుగా చెప్పుకోగల తీరులో ముందే పథకం వేయాలన్నది అందులోని నియమం. 1960 మే 1న సోవియట్ గగనతలంలో వాళ్ల యూ-2 గూఢచారి విమానం కూలినప్పుడు, అది వాతావరణ పరిశోధన విమానమని ప్రకటించారు. పైలట్ ప్రాణాలతో దొరికాడని కృశ్చేవ్ బయటపెట్టాక ఆ కథ నిలవలేదు. ఐసన్‌హోవర్‌కు తెలిసి ఉండకపోవచ్చంటూ కృశ్చేవ్ ఒక దారి కూడా వదిలాడు. ఆయన ఆ దారిన పోకుండా, బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్న ఘటన కాబట్టే దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

మన గనుల్లో ఎవరూ అలాంటి ఆదేశం రాయలేదు. రాయాల్సిన పనే పడలేదు. టెండరు నోటీసు, అతితక్కువ రేటు వేసినవాడికి పని, ఏడాదికోసారి కాంట్రాక్టు మార్పు. ఈ మూడూ చాలు. రేటు ఎంత తక్కువకు ఖాయమైందో యాజమాన్యానికి తెలుసు. ఆ రేటులో చట్టప్రకారం కూలి ఇవ్వడం కుదురుతుందో లేదో లెక్క వేయగల ఇంజినీర్లు, అకౌంటెంట్లు ఆ ఆఫీసులోనే ఉంటారు. లెక్క వేయకపోవడమే అక్కడి పద్ధతి.

శంకర్ గుహా నియోగికి పర్మనెంటుకూ కాంట్రాక్టుకూ మధ్య ఉన్న గీతకు రెండు వైపులా తెలుసు. ఆయన బెంగాలీ, అసలు పేరు ధీరేశ్. అరవైల మొదట్లో భిలాయ్ వచ్చి కోక్ ఓవెన్‌లో పనిచేశాడు. యూనియన్ పనులవల్ల ఉద్యోగం పోయింది. తర్వాత మారుపేరుతో ఊరూరా తిరిగి, దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో రాళ్లు కొట్టే కూలీగా చేరాడు. ఆ రాయి కూడా భిలాయ్ కర్మాగారానికే వెళ్లేది. ఒక కంపెనీకే మొదట లోపలి మనిషిగా, తర్వాత ‘ఎవరి మనిషీ కాని’ మనిషిగా పనిచేశాడన్నమాట. ఎమర్జెన్సీలో జైలుకెళ్లి 1977లో బయటికొచ్చేసరికి దల్లీ రాజహరా కూలీలు ఆయన కోసం చూస్తున్నారు.

వాళ్ల కోపానికి కారణం బోనస్. పర్మనెంట్ కార్మికుడికి 308 రూపాయలు, కాంట్రాక్టు కార్మికుడికి 70. ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది గుర్తింపు ఉన్న పెద్ద యూనియన్లు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే భాగం ఇదే. ఠేకేదారు లాభం కోసం చేశాడు, యాజమాన్యం ఖర్చు తగ్గించుకోవడానికి చేసింది. కార్మికుల పేరుమీద పుట్టిన సంఘం కూడా ‘వాళ్లు మా పరిధిలోకి రారు’ అనుకుంటే ఆ కూలీకి ఇంకెక్కడ దిక్కు? వేలమంది ఆ యూనియన్లను వదిలి ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. మే 31 ఒప్పందం దాని మొదటి విజయం. జూన్ 3 దాని అమరుల దినం. ఆరేళ్ల తర్వాత, 1983 జూన్ 3న కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. యాజమాన్యం ఆసుపత్రి ఉండగా ఇంకొకటి ఎందుకు కట్టుకున్నారంటే, అది తమ కోసం కట్టింది కాదని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

దల్లీ రాజహరా కాల్పుల మరుసటి ఏడాదే ఇంకా దక్షిణాన బైలాడిలాలో ఇలాంటి నెత్తురే పారింది. అక్కడి గనులు హైదరాబాద్ ప్రధాన కార్యాలయంగా నడిచే ఎన్‌ఎండీసీవి. యంత్రాలు రావడంతో కాంట్రాక్టు కూలీలను వేల సంఖ్యలో తీసేశారు. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు.

అప్పటికే చట్టం లేకపోలేదు. 1960లోనే స్టాండర్డ్ వాక్యూమ్ రిఫైనరీ కేసులో, ఏడాది పొడవునా సాగే పనికి కాంట్రాక్టు పద్ధతి తగదన్న తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది. 1970లో కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, నిషేధ చట్టం వచ్చింది. ఎవరి ఆవరణలో పని జరుగుతుందో వాళ్లను ప్రధాన యజమాని అని ఆ చట్టం పిలిచింది. కూలి పంచేటప్పుడు ప్రధాన యజమాని ప్రతినిధి పక్కనే ఉండి సంతకం చేయాలంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. తాగునీరు, క్యాంటీను, ప్రథమ చికిత్స కాంట్రాక్టరు పెట్టకపోతే ఆయనే పెట్టాలి. ఒకే రకం పనికి ఒకే కూలి ఉండాలని 1971 కేంద్ర నియమావళి చెప్పింది. ఇన్ని ఉండగానే 308కీ 70కీ మధ్య తేడా వచ్చింది.

ఆ చట్టంలో 10వ సెక్షన్ మరీ విచిత్రం. నిత్యం సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించవచ్చని అది చెప్పింది. నిషేధించాక అప్పటిదాకా ఆ పని చేసిన మనుషులు ఏమవ్వాలో మాత్రం చట్టం చెప్పలేదు. నిషేధం ఎవరికోసం తెచ్చారో వాళ్లకే ఉద్యోగం పోయే పరిస్థితి. ఈ మౌనం చుట్టూ ఇద్దరు తెలుగు నేల న్యాయమూర్తుల తీర్పులు ఎదురెదురుగా నిలిచాయి. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినవారు. 1996లో ఎయిర్ ఇండియా కేసులో జస్టిస్ కె. రామస్వామి, నిషేధం రాగానే మధ్యవర్తి తొలగిపోతాడనీ, కార్మికుడు నేరుగా ప్రధాన యజమాని మనిషి అవుతాడనీ తీర్పు రాశారు. 2001 ఆగస్టు 30న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పక్కనబెట్టింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ సయ్యద్ షా మొహమ్మద్ ఖాద్రీ. కేసు పేరులోనే భిలాయ్ యజమాని ఉంది: స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే సెయిల్. నిషేధంతో ఉద్యోగం దానంతటదే రాదని ఆ తీర్పు చెప్పింది. కాంట్రాక్టు ఉత్త ముసుగని పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో రుజువైతేనే కార్మికుడు ప్రధాన యజమాని మనిషి అవుతాడు.

రుజువు చేయాల్సింది కార్మికుడు. ఆ భారం ఎంతటిదో ఒక్కసారి ఆలోచించండి. మస్టర్ కాంట్రాక్టరు దగ్గర, కూలి రిజిస్టరు కాంట్రాక్టరు దగ్గర, టెండరు ఫైలు కర్మాగారం ఆఫీసులో. కార్మికుడి చేతిలో గేట్ పాస్ ఒక్కటి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాస్ మారుతుంది, మనిషీ పనీ మారవు. ఇరవై ఏళ్లు ఒకే కన్వేయర్ కింద బొగ్గుపొడి ఊడ్చినవాడు కాగితం మీద ప్రతిసారీ కొత్తవాడే. 2009లో ఒక విమానాశ్రయ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. పని ఎలా చేయాలో ప్రధాన యజమాని మనుషులు దగ్గరుండి చెప్పినంత మాత్రాన చాలదు, ఆ కార్మికుడిని అక్కడికి పంపే అధికారం కాంట్రాక్టరుదైతే అసలు అజమాయిషీ కాంట్రాక్టరుదే. న్యాయపరంగా అది పద్ధతైన తర్కమే కావచ్చు. కంపెనీల న్యాయ విభాగాలకు మాత్రం అది ఏ కాగితం ఎలా రాసుకోవాలో చెప్పే పాఠంగా పనికొచ్చింది.

మధ్యలో భిలాయ్‌లో జరిగిన ఘోరాన్ని దాటేసి వచ్చాను, కావాలనే. అది చట్టం కథలో ఇమడదు. 1990 నుంచి నియోగి భిలాయ్ పారిశ్రామికవాడలోని ప్రైవేటు కర్మాగారాల మీద దృష్టి పెట్టాడు. అక్కడ ఏళ్లతరబడి ఠేకేదారు పేరుమీదే పనిచేస్తున్నవాళ్లు పర్మనెంట్ ఉద్యోగం, బతకగలిగే కూలి, యూనియన్ గుర్తింపు అడిగారు. వేలమంది పని పోగొట్టుకున్నారు. 1991 సెప్టెంబరులో ఆయన కార్మికులతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్‌కు వినతిపత్రం ఇచ్చి వచ్చాడు. 28న తెల్లవారుజామున హడ్కో కాలనీలోని క్వార్టరులో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. తనకు ప్రాణహాని ఉందని ఆయన అంతకుముందే క్యాసెట్‌లో చెప్పి ఉంచాడు, డైరీలో రాసిపెట్టాడు.

1997 జూన్‌లో దుర్గ్ సెషన్స్ కోర్టు, కాల్చిన పల్టన్ మల్లాకు ఉరిశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా మరికొందరికి యావజ్జీవం వేసింది. ఏడాది తర్వాత జబల్పూర్ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు పల్టన్ మల్లా ఒక్కడికే యావజ్జీవం విధించింది. కుట్ర రుజువు కాలేదని మిగతావాళ్ల విడుదలను ఖాయం చేసింది. రుజువు లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదు, ఆ విడుదలైనవాళ్లు చట్టం దృష్టిలో నిర్దోషులు. కానీ పల్టన్ మల్లాకు నియోగితో ఉన్న వైరం ఏమిటి, ఎవరి కోసం ఆ కిటికీ దగ్గరికి వెళ్లాడు అన్న ప్రశ్నకు ఈ దేశపు ఏ కోర్టు కాగితంలోనూ జవాబు లేదు. హత్య తర్వాత కూడా కార్మికులు వెనక్కి తగ్గలేదు. 1992 జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్నప్పుడు పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారు. ఒక పోలీసు అధికారి కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు.

బాధ్యుడి పేరు ముందే రాసిపెట్టడం అసాధ్యమేమీ కాదు. మన దేశం ఒకసారి ఆ పని చేసింది, భోపాల్ తర్వాత. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు కమ్మాక, 50.9 శాతం వాటా ఉన్న అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్, భారత కంపెనీ వేరు, తాము వేరు అన్నది. ఆ అనుభవంతో 1987లో ఫ్యాక్టరీల చట్టం మార్చారు. ప్రతి ఫ్యాక్టరీకీ ‘ఆక్యుపయర్’ అనే ఒక బాధ్యుడు ఉంటాడు. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆ బాధ్యుడు కావాలి. ప్రభుత్వ ఫ్యాక్టరీ అయితే నడపడానికి ప్రభుత్వం నియమించినవాళ్లు. తమ కింది మేనేజరు పేరు రాసి తప్పుకుంటామని కంపెనీలు కోర్టుకెళ్తే, జేకే ఇండస్ట్రీస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు కుదరదంది. ప్రమాదం జరిగాక ఎవరికి ఏం తెలుసునని వెతకనక్కర్లేదు, పేరు ముందే ఉంది. 2018 అక్టోబరు 9న భిలాయ్ కోక్ ఓవెన్ దగ్గర గ్యాస్ పైపులైను మరమ్మతులో మంటలు లేచి ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. వెంటనే కర్మాగారం సీఈవోను తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. దానితో పోయిన ప్రాణాలు రావు. అయినా వేలు ఎటు చూపాలో తెలిసిన చోట పై కుర్చీ కదిలిందన్నది నిజం.

కాంట్రాక్టు కూలీ విషయంలో మనం దానికి ఎదురు దిశలో నడుస్తున్నాం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో, కాంట్రాక్టు నిబంధనలు వర్తించే హద్దు ఇరవై మంది నుంచి యాభైకి పెరిగింది. నలభై తొమ్మిది మందిని పెట్టుకున్న కాంట్రాక్టరు ఆ లెక్కలోకే రాడు. పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టడం ఏ టెండరు సెక్షన్‌కైనా చేతనైన విద్యే. సంస్థ ముఖ్య పనుల్లో కాంట్రాక్టు కూలీలు కూడదని కోడ్ గట్టిగానే చెప్పింది. కానీ ఆ పని మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే జరుగుతుంటే పర్వాలేదని పక్కనే మినహాయింపు పెట్టింది. అరవై ఏళ్లుగా ఠేకేదార్లతో చేయించినచోట మామూలంటే ఇంకేమిటి?

ప్రధాన యజమాని కూలి బాకీ తీర్చాలన్న నియమం కోడ్‌లోనూ ఉంది. దాన్ని పనిచేయించడానికి పెద్ద విప్లవం అక్కర్లేదు. గేట్ పాస్ మీద కాంట్రాక్టరు పేరు కింద ప్రధాన యజమాని తరఫున బాధ్యుడైన అధికారి పేరు, హోదా అచ్చువేయాలి. కాంట్రాక్టరు మారినా పాస్ నంబరు మారకూడదు, మొదటిసారి గేటు దాటిన తేదీ దాని మీద ఉండాలి. కూలి స్లిప్పు మీద టెండరులో ఆ మనిషికి లెక్కగట్టిన రోజుకూలి పక్కన అతని చేతికి అందినది రాయాలి. భిలాయ్‌లోనైనా విశాఖ ఉక్కులోనైనా ఇవన్నీ ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్న వివరాలు. వాటిని ఆ కార్డు మీదికి తేవడానికి సంస్థ ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడం లేదో యూనియన్లు మొదట అడగాలి. పర్మనెంట్ కార్మికుల యూనియన్లు ముందుగా అడగాలి.